సోలో లేని సోలో హిట్టు

(ఒక సంగీత సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి జరుపుతాను.

రాక్ గిటారిస్టుల సోలో ఆల్బమ్‌ల గురించి మాట్లాడమన్నారు. ఏ ఆల్బమ్ అన్నది నాకే వదిలేశారు. ఈ తరహా రికార్డులకి లెక్కలేదు. బ్యాండ్‌లో ఒక పక్కగా నిలబడి వాయించే మనిషికి ఎప్పుడో ఒకప్పుడు తన పేరు మీద ఒక రికార్డు ఉండాలనిపిస్తుంది. చేస్తాడు. అందులో వేళ్ళ వేగమే ఎక్కువగా ఉంటుంది. గిటార్ నేర్చుకునే పిల్లలు కొంటారు, మిగతావాళ్ళు అటు చూడరు. కథ అక్కడితో అయిపోతుంది.

నేను ఎంచుకున్నది అలాంటిది కాదు. కిస్ అనే బ్యాండ్‌లో వాయించిన ఏస్ ఫ్రేలీ అనే అమెరికన్ గిటారిస్టు 1978లో చేసిన ఆల్బమ్. ఎందుకో ముందే చెప్పేస్తాను, చివరిదాకా దాచేంత సస్పెన్సేం లేదు. ఆ ఆల్బమ్‌లో హిట్టయిన పాట 'న్యూయార్క్ గ్రూవ్' ఆయన రాసింది కాదు. అందులో గిటార్ సోలో, అంటే పాట మధ్యలో గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే ముక్క, చెప్పుకోదగ్గదే లేదు. అయినా ఆయన పేరెత్తితే మామూలు జనానికి ముందు గుర్తొచ్చేది ఆ పాటే. సోలోలు వాయించి పేరు తెచ్చుకున్న మనిషికి సోలో లేని పాట హిట్టవడం ఏమిటి, ఇందులో ఆయనకి అన్యాయం జరిగిందా అని కొందరు అభిమానులు ఇప్పటికీ బాధపడుతుంటారు. జరగలేదని నా వాదన. పైగా గిటారిస్టుగా ఆయన ఎంత తెలివైనవాడో ఆ పాటలోనే బాగా తెలుస్తుందంటాను.

కిస్ బ్యాండ్ గురించి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1973లో న్యూయార్క్‌లో మొదలైంది. నలుగురు మనుషులు, మొహాలకి తెలుపు నలుపు రంగులు, అంత ఎత్తు మడమల బూట్లు. జీన్ సిమన్స్ నోట్లోంచి నిప్పు ఊదుతాడు, రక్తం కక్కుతాడు. పాల్ స్టాన్లీ ముందు నిలబడి జనాన్ని ఊపుతాడు. పీటర్ క్రిస్ డ్రమ్స్, పిల్లి వేషం. ఏస్ ఫ్రేలీ లీడ్ గిటార్, ఆయనది అంతరిక్షం నుంచి దిగివచ్చిన మనిషి వేషం. సోలో మధ్యలో ఆయన గిటార్‌లోంచి పొగ వచ్చేది. ఆ బ్యాండ్ పేరు రాసే తీరు మీరు చూసే ఉంటారు, చివరి రెండక్షరాలు మెరుపుల్లా ఉంటాయి. అది గీసింది కూడా ఏసే.

ఏస్ న్యూయార్క్‌లోని బ్రాంక్స్ కుర్రాడు. 1951లో పుట్టాడు. ఒక వారపత్రికలో లీడ్ గిటారిస్టు కావలెను అన్న ప్రకటన చూసి వెళ్ళాడు. ఆడిషన్‌కి ఒక కాలికి ఒక రంగు బూటు, రెండో కాలికి ఇంకో రంగు బూటు వేసుకుని వచ్చాడని మిగతా ముగ్గురూ జీవితమంతా చెప్పుకున్నారు. వాళ్ళ దృష్టిలో ఆయన ఎప్పుడూ అదే మనిషి. బ్రహ్మాండంగా వాయిస్తాడు, కానీ సీరియస్‌గా తీసుకోనక్కర్లేదు. ఆలస్యంగా వస్తాడు, తాగుతాడు, జోకులేస్తాడు. బ్యాండ్ వ్యవహారమంతా జీన్, పాల్ చేతుల్లో ఉండేది.

ఆయనకి కూడా తన గొంతు మీద నమ్మకం లేదు. మొదటి ఆల్బమ్‌లో 'కోల్డ్ జిన్' అనే పాట ఏస్ రాసిందే. ఇప్పటికీ కిస్ పాటల్లో దానికి మంచి పేరుంది. కానీ పాడింది జీన్. పాట రాసి, పాడమంటే వెనక్కి తగ్గే రకం ఈయన.

మరి పాడటం ఎప్పుడు మొదలుపెట్టాడు? షాక్ కొట్టాక. హాస్యానికి అనడం లేదు. 1976 డిసెంబర్‌లో ఫ్లోరిడా రాష్ట్రంలోని లేక్‌లాండ్‌లో కచేరీ. స్టేజి మీద మెట్ల పక్కన ఇనప కమ్మీ ఉంది. దానికి ఎర్తింగ్ లేదు. ఈయన చేతిలో ఎలక్ట్రిక్ గిటార్. బ్యాలెన్స్ కోసం కమ్మీ పట్టుకున్నాడు. అంతే, కరెంటు ఒంట్లోంచి పోయింది. మనిషి కిందపడ్డాడు. కాసేపు ఆపి, మళ్ళీ లేచి వచ్చి కచేరీ పూర్తిచేశాడు. ఇక్కడ స్టేజి ప్రోగ్రాంలు చేసే పిల్లలున్నారు, వాళ్ళకి ఒక మాట. మైకు, గిటార్ వేర్వేరు లైన్ల మీద ఉన్నప్పుడు, ఎర్త్ సరిగ్గా లేనప్పుడు, పెదవి మైకుకి తగిలినా చాలు. మన ఊళ్ళ పందిళ్ళలో జనరేటర్ మీద నడిపే సెట్లలో ఇది మామూలు ప్రమాదం. ఎలక్ట్రీషియన్‌ని నిలబెట్టి టెస్టర్ పెట్టించాకే తీగ ముట్టుకోండి.

ఆ షాక్ మీద ఆయన 'షాక్ మీ' అని పాట కట్టాడు. 1977లో 'లవ్ గన్' ఆల్బమ్‌లో వచ్చింది. ఈసారి తనే పాడాడు. నిలబడి పాడటానికి సిగ్గేసి, స్టూడియోలో నేలమీద వెల్లకిలా పడుకుని పాడానని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ రోజు ఆయన్ని అలా పడుకోనిచ్చి రికార్డు చేసిన నిర్మాత పేరు ఎడ్డీ క్రేమర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథలో సగం ఈయనే.

ఇక 1978కి వద్దాం. కిస్ అప్పటికి అమెరికాలో అతి పెద్ద బ్యాండ్లలో ఒకటి. బొమ్మలు, లంచ్ బాక్సులు, కామిక్ పుస్తకాలు, ఒక టీవీ సినిమా. లోపల మాత్రం నలుగురికీ పడటం లేదు. ఎవరికి వాళ్ళు నా విలువ ఇక్కడ తెలియడం లేదు అనే స్థితిలో ఉన్నారు. దీనికి పైనున్నవాళ్ళు కనిపెట్టిన పరిష్కారం ఏమిటంటే, నలుగురూ తలా ఒక సోలో ఆల్బమ్ చేయాలి. నాలుగూ ఒకే రోజు విడుదల కావాలి. బ్యాండ్ విడిపోకూడదు, నాలుగింటి మీదా కిస్ అనే పేరు ఉండాలి. అంతకుముందు ఏ పెద్ద రాక్ బ్యాండూ ఇలాంటి పని చేయలేదు. 1978 సెప్టెంబర్ 18న నాలుగూ దుకాణాల్లోకి వచ్చాయి.

అట్టల మీద నాలుగు మొహాలు. ఎరాల్డో కరుగాటి అనే చిత్రకారుడు వేశాడు. నల్లటి నేపథ్యం, ఒక్కొక్కరి చుట్టూ ఒక్కో రంగు వెలుగు. ఏస్‌ది నీలం. లోపల ఒక్కో పోస్టర్, నాలుగూ కొంటేగాని పెద్ద బొమ్మ పూర్తి కాదు. వ్యాపారం చూడండి! ప్రతి ఆల్బమ్‌నీ మిగతా ముగ్గురికీ అంకితం ఇచ్చారు. మొహాలు చూసుకోని మనుషులు ఒకరికొకరు అంకితాలు ఇచ్చుకున్నారన్నమాట.

ఇక్కడ కాసేపు ఆగి డబ్బు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ నాలుగు రికార్డుల మీద పడిన మచ్చ అక్కడే ఉంది. వీళ్ళ కంపెనీ పేరు కాసబ్లాంకా, దాని అధిపతి నీల్ బోగార్ట్. ఆర్భాటం మనిషి. డొనా సమర్, విలేజ్ పీపుల్ లాంటి డిస్కో హిట్లన్నీ ఆ కంపెనీవే. ఆయన ఒక్కో ఆల్బమ్‌నీ పది లక్షల కాపీలకి పైగా దుకాణాలకి పంపించేశాడు. అప్పట్లో అమెరికాలో ప్లాటినం అనే గుర్తింపు 10 లక్షల కాపీలకి ఇచ్చేవారు. అయితే కొన్న కాపీలకి కాదు, దుకాణాలకి పంపిన కాపీలకి. అందువల్ల నాలుగు ఆల్బమ్‌లూ కొద్ది రోజుల్లోనే ప్లాటినం అయిపోయాయి. పోస్టర్లు వేసుకున్నారు.

మనకి ఇది తెలియని లెక్కేం కాదు. మన సినిమావాళ్ళ పోస్టర్ మీద గ్రాస్ ఉంటుంది, బయ్యర్ జేబులో షేర్ ఉంటుంది. మొదటి వారం పోస్టర్ చూసి సంబరపడినవాళ్ళు మూడో వారం బయ్యర్ మొహం చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. రికార్డు దుకాణాలవాళ్ళకి అమ్ముడుపోని సరుకు వెనక్కి పంపే హక్కు ఉండేది. పంపారు. గుట్టలుగా పంపారు. ఈ రికార్డులు ప్లాటినమై వెళ్ళి డబుల్ ప్లాటినమై తిరిగొచ్చాయని ఆ వ్యాపారంలో ఒక జోకు పుట్టింది.

తిరిగొచ్చిన రికార్డులు ఏమవుతాయి? అట్ట మూల కత్తిరిస్తారు, లేదా చిన్న చిల్లు పొడుస్తారు. మళ్ళీ పూర్తి ధరకి వాపసు ఇవ్వకుండా అదో గుర్తు. తర్వాత చవక బుట్టల్లో పడతాయి. కిస్ సోలో ఆల్బమ్‌లు అలాంటి బుట్టల్లో ఏళ్ళ తరబడి కనిపించాయి. పాత రికార్డులు పోగుచేసే మిత్రుడి దగ్గర నేను చూసిన కాపీకి కుడివైపు పై మూల లేదు. ఏస్ మొహం వెనక ఉన్న నీలం వెలుగు సరిగ్గా అక్కడ తెగిపోయింది.

అందుకే ఆ నాలుగింటినీ కలిపి ఫ్లాప్ కింద కట్టేసే అలవాటు ఒకటి ఉంది. అది తప్పు. లక్షల్లో అమ్ముడయ్యాయి. వచ్చిన తప్పల్లా అమ్మగలిగినదానికంటే ఎక్కువ అచ్చువేయడమే. ఎక్కువ అచ్చువేసింది పాడినవాళ్ళు కాదుగా.

సరే, నలుగురూ ఏం చేశారు? జీన్ సిమన్స్ అతిథుల జాబితా చేశాడు. గాయని షేర్, డొనా సమర్, బాబ్ సీగర్, ఏరోస్మిత్ నుంచి జో పెరీ, ఇంకా బోలెడుమంది. చివర్లో డిస్నీ సినిమా పాట ఒకటి పాడాడు, నిప్పు ఊదే మనిషి. పాల్ స్టాన్లీది చక్కటి రికార్డే గాని, కిస్ ఆల్బమ్ నుంచి ముగ్గుర్ని తీసేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంది. పీటర్ క్రిస్ తనకి చిన్నప్పటి నుంచి ఇష్టమైన సోల్ సంగీతం వైపు వెళ్ళాడు, కిస్ అభిమానులకి అది మింగుడుపడలేదు. అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ వేసే ఆల్బమ్ పట్టికలో జీన్ 22 దాకా, ఏస్ 26 దాకా, పాల్ 40, పీటర్ 43 దాకా వెళ్ళారు. ఆల్బమ్‌లలో జీన్‌దే పైచేయి అన్నమాట. కానీ సింగిల్స్, అంటే విడిగా అమ్మే పాటల పట్టికలో మిగతా ముగ్గురిలో ఎవరూ 40 లోపలికి రాలేదు. ఏస్ 'న్యూయార్క్ గ్రూవ్'తో 13వ స్థానం దాకా వెళ్ళాడు.

ఇక అసలు విషయం. ఏస్ ఏం చేశాడు?

పని మొదలవకముందు తోటివాళ్ళు, సాయం కావాలంటే మొహమాటపడకు, మమ్మల్ని అడుగు అన్నారట. మంచి మాటే. కానీ విన్నవాడికి ఎలా వినపడిందో మీరు ఊహించుకోగలరు. అదే తనకి పట్టుదల పెంచిందని ఏస్ తర్వాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అడగలేదు. పెద్ద పేర్లు ఎవర్నీ పిలవలేదు. ఎడ్డీ క్రేమర్‌ని పెట్టుకున్నాడు.

క్రేమర్ ఎవరంటే, రాక్ గిటార్‌లో మహామహుడు జిమి హెండ్రిక్స్ రికార్డుల వెనకున్న ఇంజనీర్. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌లో పుట్టి, లండన్‌లో పని నేర్చుకుని న్యూయార్క్ వచ్చాడు. కిస్‌ని నిలబెట్టిన 1975 లైవ్ ఆల్బమ్ 'అలైవ్!' కూడా ఆయన చేతి మీదే వచ్చింది. హెండ్రిక్స్‌ని ఆరాధించే గిటారిస్టుకి హెండ్రిక్స్ ఇంజనీరే నిర్మాతగా దొరకడం ఒక ఎత్తు. ఈ గిటారిస్టు ఎప్పుడు భయపడతాడో, నేలమీద ఎప్పుడు పడుకోనివ్వాలో అప్పటికే తెలిసినవాడు కావడం ఇంకో ఎత్తు.

రెండో మనిషి డ్రమ్మర్ ఆంటన్ ఫిగ్. ఈయనదీ కేప్ టౌనే, చూడండి. అప్పటికి పెద్దగా ఎవరికీ తెలియదు. తర్వాత అమెరికా టీవీలో డేవిడ్ లెటర్‌మన్ షో బ్యాండ్‌లో ఏళ్ళ తరబడి వాయించాడు. మూడు పాటల్లో బేస్ గిటార్ వాయించిన విల్ లీ కూడా అదే షో బ్యాండ్‌కి వెళ్ళాడు. మిగతా పాటల్లో బేస్ కూడా ఏసే వాయించుకున్నాడు. గిటార్లు మొత్తం తనవే. ఎనిమిది పాటలకి గొంతు తనదే. తొమ్మిదోదానికి గొంతు లేదు.

కనెక్టికట్ రాష్ట్రంలో షరాన్ అనే చిన్న ఊళ్ళో ఒక పెద్ద బంగళా తీసుకుని అక్కడ రికార్డింగ్ పెట్టారు. ఊరికి దూరంగా, మనుషులు రాని చోటు. బంగళాలో డ్రమ్స్ పెడితే గది ఎత్తు, గోడల ప్రతిధ్వని అన్నీ ధ్వనిలోకి వస్తాయి. మిగతా పని మన్‌హాటన్‌లో ప్లాజా సౌండ్ స్టూడియోలో చేశారు. అది రేడియో సిటీ మ్యూజిక్ హాల్ పైన ఉండేది. రెండేళ్ళ ముందు రమోన్స్ బ్యాండ్ తమ మొదటి ఆల్బమ్ చేసిందీ అక్కడే.

మొదటి పాట 'రిప్ ఇట్ అవుట్' వింటే చాలు, ఈ జట్టు ఎలాంటిదో తెలుస్తుంది. మధ్యలో గిటార్ తప్పుకుంటుంది. గిటారిస్టు ఆల్బమ్‌లో, మొదటి పాటలో, అందరూ గిటార్ సోలో కోసం చెవులు రిక్కించిన సమయంలో డ్రమ్మర్‌కి చోటిచ్చాడు. ఆంటన్ ఫిగ్ దంచేస్తాడు. తర్వాత గిటార్ వస్తుంది, అప్పటికి ఆకలి పెరిగి ఉంటుంది మనకి. తన పేరుతో వచ్చిన మొదటి రికార్డులో మొదటి మూడు నాలుగు నిమిషాల్లోనే పక్కవాడికి జాగా ఇచ్చే గిటారిస్టులు ఎంతమంది ఉంటారు?

మధ్యలో కొన్ని పాటలు మామూలువే. అన్నీ ఆణిముత్యాలని చెబితే మీరే రేపు విని నన్ను తిడతారు. రెండు మూడు చోట్ల పాట మాటలు మరీ పేలవంగా ఉంటాయి, తాగుడు, మత్తు, కారు, అమ్మాయి. కానీ ధ్వని మాత్రం ఎక్కడా పేలవంగా ఉండదు. చివరిది 'ఫ్రాక్చర్డ్ మిర్రర్', మాటల్లేని సంగీతం. అకూస్టిక్ తీగల మీద ఒక చిన్న వరస తిరుగుతూ ఉంటుంది, దాని మీద ఎలక్ట్రిక్ పొరలు ఒక్కొక్కటిగా వచ్చి చేరతాయి. హడావిడి లేదు. ఈ పాటకి తర్వాతి దశాబ్దాల్లో తన ఆల్బమ్‌ల చివర కొనసాగింపులు చేస్తూనే ఉన్నాడు.

ఇప్పుడు ఆరో పాట, 'న్యూయార్క్ గ్రూవ్'.

రాసింది రస్ బల్లార్డ్. ఇంగ్లండ్ మనిషి, ఆర్జెంట్ అనే బ్యాండ్‌లో ఉండేవాడు. పాటలు రాసి ఇతరులకి ఇవ్వడంలో దిట్ట, రెయిన్‌బో బ్యాండ్ హిట్టు 'సిన్స్ యు బీన్ గాన్' కూడా ఈయనదే. 'న్యూయార్క్ గ్రూవ్' ముందు 1975లో హలో అనే లండన్ కుర్రాళ్ళ బ్యాండ్‌కి దొరికింది. బ్రిటన్‌లో 9వ స్థానం దాకా వెళ్ళింది. అంటే న్యూయార్క్ మీద ఇంగ్లండువాడు రాశాడు, ఇంగ్లండు పిల్లలు పాడారు, ఇంగ్లండు జనం కొన్నారు. అమెరికాలో దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. మూడేళ్ళ తర్వాత అది బ్రాంక్స్‌లో పుట్టినవాడి చేతికొచ్చింది.

పాటలో విషయం పెద్దగా ఏం లేదు. కొన్నాళ్ళు ఊరొదిలి వెళ్ళినవాడు తిరిగొస్తాడు. థర్డ్ అవెన్యూ, 43వ వీధి మూల దగ్గర దిగుతాడు, రాత్రిలోకి నడుస్తాడు. తిరిగొచ్చానహో అని మళ్ళీ మళ్ళీ అంటాడు. హలో పాడినప్పుడు అది సినిమాల్లో చూసిన ఊరు. ఏస్ పాడితే ఆ వీధి మూల నిజంగా ఎలా ఉంటుందో తెలిసినవాడి మాట. పైగా ఆయన గొంతులో బ్రాంక్స్ యాస. పాడటం రాదని భయపడిన మనిషి ఇక్కడ పాడలేదు కూడా, చరణాలు దాదాపు మాట్లాడినట్టు అన్నాడు. కిందిస్థాయిలో, కొంచెం నిర్లక్ష్యంగా. పల్లవికి వచ్చేసరికి వెనక గొంతులు కలిసి బరువు మోస్తాయి. తన గొంతుకి ఎంత వచ్చో అంతకే పాటని సరిగ్గా కొలతలు తీసి కుట్టుకున్నాడు.

గిటార్ సంగతి చూద్దాం. పాటలో ముందు వినపడేది తొక్కుడు, చప్పట్లు. ఆ నడక మొదటి నుంచి చివరిదాకా మారదు. గిటార్ ఆ నడకలోనే ఉంటుంది. తీగని అరచేతి అంచుతో కొంచెం నొక్కిపెట్టి కొట్టే దెబ్బలు, మధ్యలో ఖాళీలు. ఖాళీలే ముఖ్యం. ఇంకో చప్పుడు వినిపిస్తుంది, గిటార్ నోరు తెరిచి గొణిగినట్టు. అట్ట మీద దాని ఎదురుగా పవర్ మౌత్‌పీస్ అని రాసి ఏస్ మిత్రుడు బాబీ మెక్ఆడమ్స్ పేరు వేశారు. స్పీకర్ ధ్వనిని గొట్టం ద్వారా నోట్లోకి తెచ్చి, నోటి ఆకారంతో దాన్ని మార్చే పద్ధతి ఆ రోజుల్లో బాగా ఆడింది. రెండేళ్ళ ముందు పీటర్ ఫ్రాంప్టన్ అనే గిటారిస్టు దాంతోనే అమెరికాని ఊపేశాడు. ఫ్రాంప్టన్ దాన్ని ముందు నిలబెట్టి వాయించాడు. ఇక్కడ అది లయలో ఒక భాగం, అంతే.

సోలో ఎక్కడ? లేదు. చరణం, పల్లవి, చరణం, పల్లవి, ఆ పల్లవే తిరుగుతూ వెళ్ళిపోతుంది. మూడు నిమిషాలు. ఆ చోట సోలో పెట్టి ఉంటే ఎలా ఉండేదని నేను ఒకసారి ట్రాక్ మీద వాయించి చూశాను. బాగానే ఉంటుంది. కానీ నడక ఆగుతుంది. జనం కాలు తొక్కడం ఆపి గిటారిస్టు వైపు చూస్తారు. వాళ్ళు నా వైపు చూడక్కర్లేదు, ఆడుతూ ఉంటే చాలు అనుకోవడానికి 27 ఏళ్ళ గిటారిస్టుకి, అదీ తన మొదటి సోలో రికార్డులో, చాలా గుండె కావాలి.

ఇంకో సంగతి. అది డిస్కో ఏలుతున్న కాలం. రాక్ బ్యాండ్లన్నీ డిస్కో చేయాలా వద్దా అని తలపట్టుకుంటున్నాయి. 1979లో కిస్ నేరుగా డిస్కో నడకలో 'ఐ వాజ్ మేడ్ ఫర్ లవిన్ యు' చేసింది, అదీ పెద్ద హిట్టే, 11వ స్థానం. పాత అభిమానులు మాత్రం అమ్ముడుపోయారని తిట్టారు. ఏస్ అంతకుముందే డ్యాన్స్ చేయించే పాట చేశాడు, ఎవరూ ఒక్క మాట అనలేదు. దాన్ని డిస్కో అని ఎవరూ అనుకోలేదు గనక!

ఈ హిట్టుతో బ్యాండ్ లోపల లెక్కలు మారాయి. తర్వాతి కిస్ ఆల్బమ్ 'డైనాస్టీ'లో ఏస్ మూడు పాటలు పాడాడు. రెండేళ్ళ ముందు నేలమీద పడుకుని ఒక్క పాట పాడినవాడు. కచేరీల్లో 'న్యూయార్క్ గ్రూవ్' కిస్ పాటగానే పాడటం మొదలుపెట్టారు. ఇంకో వింత ఏమిటంటే, 'డైనాస్టీ'లో పీటర్ క్రిస్ ఒక్క పాటకే డ్రమ్స్ వాయించాడు. మిగతా అన్నిటికీ వాయించింది ఆంటన్ ఫిగ్. అట్ట మీద పేరు లేదు. తర్వాతి ఆల్బమ్ మొత్తం ఆయనే, అక్కడా పేరు లేదు. ఏస్ సోలో ఆల్బమ్ నుంచి కిస్‌కి నిజంగా దక్కింది ఆ డ్రమ్మరేనని నాకనిపిస్తుంది.

ఆ తర్వాతి కథ తొందరగా చెప్పేస్తాను. 1982లో ఏస్ కిస్‌ని వదిలేశాడు. 1987లో మళ్ళీ ఎడ్డీ క్రేమర్‌తోనే, మళ్ళీ ఆంటన్ ఫిగ్‌తోనే 'ఫ్రేలీస్ కామెట్' అనే ఆల్బమ్. అందులోనూ రస్ బల్లార్డ్ పాట ఒకటి పెట్టాడు, కలిసొచ్చిన చెయ్యి వదలడు కదా. అది మళ్ళీ అంత ఆడలేదు. 1996లో నలుగురూ మళ్ళీ రంగులు పూసుకుని కలిశారు, కొన్నేళ్ళకి ఈయన మళ్ళీ వెళ్ళిపోయాడు. 2014లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. కిందపడి తలకి దెబ్బ తగిలి 2025 అక్టోబర్ 16న న్యూజెర్సీలో, 74 ఏళ్ళ వయసులో పోయాడు. మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉండే న్యూజెర్సీయే. అక్కడి మనవాళ్ళు బేస్‌బాల్‌కి వెళ్తుంటే ఆయన పాట వినే ఉంటారు. న్యూయార్క్ మెట్స్ జట్టు సొంత మైదానంలో గెలిచినప్పుడు ఈ పాట వేయడం ఏళ్ళుగా ఉన్న అలవాటు. వింటున్నవాళ్ళలో చాలామందికి గిటారిస్టు ఎవరో తెలియదు, ఊరి పాట అని మాత్రం తెలుసు.

నేను చెప్పాల్సింది అయింది. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి ఒక యువకుడు: సార్, సోలో లేకపోతే ఏస్ గొప్ప గిటారిస్టు అని ఎలా చెప్తాం? ఆయన సోలోలే కదా అందరూ నేర్చుకునేది?)

నేర్చుకోవాలి, కాదనను. పాంటెరా బ్యాండ్ గిటారిస్టు డైమ్‌బ్యాగ్ డారెల్ ఛాతీ మీద ఏస్ బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకున్నాడు. పెర్ల్ జామ్ అనే బ్యాండ్ 'అలైవ్' పాట చివర వాళ్ళ గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీ వాయించే సోలో ఉంది చూడు, అది కిస్ పాట 'షి'లో ఏస్ వాయించిన దానిలోంచి వచ్చింది. ఏస్ దాన్ని ద డోర్స్ బ్యాండ్ పాట 'ఫైవ్ టు వన్' నుంచి ఎత్తాడు. అలా చేతులు మారుతూ ఉంటాయి. కానీ తమ్ముడూ, నువ్వు ఆ సోలోలు నోటితో పాడగలవా, లేదా? పాడగలవు. ఎందుకంటే ఆయన వాయించే నాలుగు స్వరాలూ పాట నడకలోంచే వస్తాయి. సోలో లేని పాటలో ఆ నడక ఒక్కటే మిగిలింది. రెండూ ఒకే చెయ్యి. ముందు 'న్యూయార్క్ గ్రూవ్' కుడి చేతి పని మెట్రోనోమ్, అదే లయ కొట్టే యంత్రం, పెట్టుకుని మూడు నిమిషాలు ఆపకుండా వాయించి చూడు. ఎక్కడ తొందరపడ్డావో నీకే తెలుస్తుంది.

(ఒక మహిళ: మన సినిమా పాటల్లో గిటార్ వాయించినవాళ్ళ సంగతి ఏమిటండీ?)

మంచి ప్రశ్నమ్మా. మన క్యాసెట్ అట్టల మీద సంగీత దర్శకుడు, కవి, గాయకులు ఉండేవారు. వాయించినవాళ్ళ పేర్లు చాలావరకు ఉండేవి కావు. ఆంటన్ ఫిగ్‌కి రెండు ఆల్బమ్‌లలో జరిగింది మన స్టూడియో కళాకారులకి జీవితమంతా జరిగింది. అది ఇంకో పూట మాట్లాడుకోవాల్సిన విషయం, ఇప్పుడు మొదలుపెడితే తెల్లారుతుంది.

(ముందు వరుసలోని ఒక పెద్దాయన: పాట ఆయనది కాదన్నారు కదా, మరి డబ్బు ఎవరికి పోయినట్టు?)

మాస్టారూ, ఇది ఎవరూ అడగరేమో అనుకున్నాను. అమెరికా చట్టంలో రేడియోలో పాట వేస్తే రాసినవాడికి డబ్బు వస్తుంది, పాడినవాడికి రాదు. మామూలు ఎఫ్ఎం రేడియోకి ఇప్పటికీ అంతే. స్టేడియంలో వేసినా అంతే. అంటే మెట్స్ గెలిచినప్పుడల్లా వచ్చే లైసెన్సు సొమ్ములో వాటా రస్ బల్లార్డ్ వైపు వెళ్తుంది, ఏస్ వైపు కాదు.

కానీ రికార్డు అమ్మకం లెక్క వేరు. 1978 నుంచి అక్కడ చట్టం నిర్ణయించిన రేటు, ఒక రికార్డు మీద ఒక పాటకి రెండు ముప్పావు సెంట్లు. పది లక్షలు అమ్మితే పాటకి 27,500 డాలర్లు, అందులో పబ్లిషర్ వాటా పోను మిగిలింది రాసినవాడికి. వెనక్కి వచ్చిన కాపీలకి ఏమీ రాదు. ఆ రోజుల్లో సింగిల్ అంటే చిన్న రికార్డు, రెండు వైపులా రెండు పాటలు. ముందు వైపు 'న్యూయార్క్ గ్రూవ్'. వెనక వైపు ఏం వేశారో తెలుసా? 'స్నో బ్లైండ్'. అది ఏస్ సొంతంగా రాసుకున్న పాట. జనం కొన్నది ముందు పాట కోసం. వెనక పాట విన్నారో లేదో దేవుడికెరుక. కానీ చట్టానికి ముందు వైపు, వెనక వైపు అన్న తేడా లేదు. ఒక్కో కాపీకి బల్లార్డ్ పాటకి ఎంత లెక్కకొస్తుందో ఏస్ పాటకీ అంతే. అందుకే హిట్టు పాట తనది కాని ప్రతివాడూ వెనక వైపు తన పాటే పెట్టుకోవాలని చూస్తాడు.

ఇంకెవరైనా? లేదా? అయితే టీ వచ్చినట్టుంది. గిటార్, ఆంప్ పక్క గదిలో ఉన్నాయి, ఎర్త్ చూశాకే కనెక్షన్ ఇచ్చాం. 'రిప్ ఇట్ అవుట్' మొదలెలా వాయించాలో చూడాలనుకునేవాళ్ళు రండి.